అమ్మేవాడు ఆరేళ్లంటున్నాడు, గుర్రం పళ్లు ఏమంటున్నాయి?

మీరు అడిగింది ఇదీ: జాతరలో ఒక మార్వాడీ జాతి ఆడ గుర్రాన్ని బేరం చేస్తున్నారు. అమ్మే ఆయన "ఆరేళ్లు, ఏడు ఇంకా నిండలేదు" అంటున్నాడు. ఎడ్ల బేరాల్లో ఆరితేరిన మీ బాబాయి నోరు పట్టి చూసి, "నోరు నిండింది, ఐదు దాటింది, అంతకుమించి చెప్పలేం" అన్నారు. మీ కంటికి కనిపించినవి ఇవి. కింద ముందు పళ్లు ఆరూ నున్నగా ఉన్నాయి, గుంటలు లేవు. పైన నడిమి జతలో గుంట లేదు, దాని పక్క జతలో మరకలా కొద్దిగా మిగిలింది, చివరి జతలో గుంట స్పష్టంగా ఉంది. పై చివరి పన్ను వెనక అంచున చిన్న కొక్కెం ఉంది. అదే పన్ను మీద చిగురును ఆనుకుని రెండు మూడు మిల్లీమీటర్ల నల్లటి గాడి మొదలైంది.

ముందు జవాబు చెప్తాను. ఆరేళ్లు కాదు. మీరు చెప్పిన గుర్తులు నిజమైతే పది, పదకొండు దగ్గర ఉంటుంది. కాగితం మీద రాయమంటే "సుమారు 9 నుంచి 12" అని రాయాలి, ఒక్క అంకె రాయకూడదు. ఎందుకో చెప్తాను. ఇంకో గుర్రం ముందు నిలబడ్డప్పుడు మీరే చూసుకోవచ్చు.

మీ బాబాయి లెక్క తప్పేం కాదు, అది ఎద్దు లెక్క. ఎద్దుకు పైన ముందు పళ్లే ఉండవు, అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్లు జతలు జతలుగా ఊడి కొత్తవి వస్తుంటే రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని లెక్కపెడతాం. బండలాగుడు పోటీల్లో విభాగాలు పెట్టేదీ ఈ లెక్క మీదే. ఎనిమిదీ వచ్చాక ఎద్దులో లెక్కపెట్టడానికి ఇంకేమీ మిగలదు, ఆపైన చెప్పేదంతా అరుగుదల చూసి వేసే అంచనా. గుర్రానికి పైన ఆరు, కింద ఆరు. మారేవి మూడు జతలే. మొదటి జత రావడమే రెండున్నరేళ్లకు. కాబట్టి ఎద్దు లెక్కను గుర్రానికి పెడితే మొదటి మెట్టులోనే తేడా వస్తుంది.

అయితే గుర్రం పన్నులో ఎద్దు పన్నుకు లేని గుణం ఒకటుంది. గుర్రం ముందు పన్ను మొత్తం పొడవు ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది. అందులో బయటికి కనిపించేది కొంచెమే, మిగతాదంతా దవడ ఎముకలో ఉంటుంది. పైన అరుగుతున్న కొద్దీ కింద నుంచి ఏడాదికి సుమారు రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వస్తూ ఉంటుంది. ముల్లంగిని పైనుంచి పలచగా తరుగుతూ పోతే చక్రం చక్రానికీ ఆకారం మారినట్టు, ఏడాది ఏడాదికీ పన్ను అడ్డకోత మారుతుంది. ఆ కోతనే మనం చదువుతాం. పై పళ్లూ కింది పళ్లూ ఒకదానితో ఒకటి ఆని రాచుకునే ఆ ముఖాన్ని ఇక్కడ "అరుగుడు ముఖం" అంటాను.

లోపల ఏముందో తెలిస్తే గుర్తులు కంఠస్థం చేయాల్సిన పని ఉండదు. కొత్త పన్ను పైన గరాటులా ఒక లోతైన గుంట ఉంటుంది. ఆ గరాటు లోపలి గోడ కూడా పింగాణీయే (ఎనామెల్), పన్ను పైపూత కూడా పింగాణీయే. అందుకే కొత్త పన్ను అరుగుడు ముఖంలో రెండు తెల్లని వలయాలు కనిపిస్తాయి, బయట ఒకటి, గుంట చుట్టూ ఒకటి. గుంటలో మేత ఇరుక్కుని నల్లబడుతుంది. గరాటుకు ముందువైపు, అంటే పెదవి వైపు, వేరు నుంచి పైకి ఒక నరపు గొట్టం వస్తుంది. పన్ను అరిగి ఆ గొట్టం దాకా వచ్చేలోపే లోపలి నుంచి ముదురు రంగు డెంటిన్ (పింగాణీ కింద ఉండే పన్ను గట్టి పదార్థం) పేరుకుని గొట్టం పూడిపోతుంది. లేకపోతే నరం బయటపడేది. ఆ పూడిక అరుగుడు ముఖం మీద గోధుమ రంగు గీతలా, తర్వాత గుండ్రని మచ్చలా తేలుతుంది. దాన్ని "చుక్క" అందాం.

చూసే పద్ధతి. గుర్రానికి ఎదురుగా నిలబడొద్దు, తల విదిలించినా ముందుకాలు ఎత్తినా దెబ్బ మీకే. ఎడమ పక్క, మెడ దగ్గర నిలబడండి. తలతాడు గుర్రం మనిషి చేతిలో ఉండాలి. నోరు తెరిపించకుండానే మొదట పెదవులు మాత్రం విడదీయండి. అసలు సగం సమాచారం అక్కడే ఉంటుంది. రెండు పక్కల నుంచి చూడండి, పై పళ్లు కింది పళ్లు కలిసే కోణం, చివరి పన్ను అంచు, గాడి, పళ్ల పొడవు. ఒక పక్క చూసి వదిలేస్తే మోసపోతారు, రెండు పక్కలా ఒకేలా అరగని గుర్రాలు చాలా ఉంటాయి.

తర్వాత తెరిపించాలి. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య కళ్లెం కడ్డీ ఆనే ఖాళీ ఉంటుంది. పెదవి మూల నుంచి బొటనవేలు ఆ ఖాళీలోకి పెట్టి అంగిలి మీద మెల్లగా నొక్కితే గుర్రం తనంతట తాను నోరు తెరుస్తుంది. వేలు ఆ ఖాళీ దాటి వెనక్కి పోకూడదు. దవడ పళ్ల అంచులు కత్తుల్లా ఉంటాయి, అక్కడ వేలు పడితే ఎముక విరుగుతుంది. నాలుకను పక్కకు లాగి పట్టుకోవడం జాతరల్లో మామూలే. కానీ మోటుగా లాగితే నాలుకకూ దాని అడుగు ఎముకకూ గాయం అవుతుంది, చేయి తిరగనివాళ్లు చేయొద్దు. తడిగుడ్డతో పళ్లు తుడవండి. పచ్చిగడ్డి రసం, తవుడు అంటుకుని ఉన్న పన్ను మీద ఏ గుర్తూ నమ్మదగ్గది కాదు. ఫోన్ లైటు వేసి కింది అరుగుడు ముఖం, పై అరుగుడు ముఖం, రెండు పక్కలు, మూసిన నోరు ముందు నుంచి, ఇలా ఐదు ఫోటోలు తీసుకుంటే చాలు. గుర్రాన్ని అరనిమిషం కంటే ఎక్కువసేపు అలా పట్టి ఉంచొద్దు. ఫోటోల్లో తీరిగ్గా చూసుకోవచ్చు.

ఒక హెచ్చరిక. చొంగ ఎక్కువగా కారుతూ, మింగలేకపోతూ ఉన్న గుర్రం నోట్లో చేయి పెట్టకండి, అది రేబిస్ కావచ్చు. ముక్కు నుంచి చీము లాంటి స్రావం కారుతున్నా, చర్మం మీద గడ్డలు పగిలి పుండ్లు పడి ఉన్నా ముట్టుకోకండి. ఆ గుర్రం వయసు మీకు అనవసరం.

ఇక ఐదేళ్ల లోపు లెక్క. ఇది గట్టి లెక్క, ఇక్కడ పళ్లు దాదాపు అబద్ధం చెప్పవు. పాలపళ్లలో నడిమి జత పుట్టినప్పుడే గానీ మొదటి వారంలో గానీ వస్తుంది. పక్క జత నెల, నెలన్నరకు, చివరి జత ఆరు నుంచి తొమ్మిది నెలలకు. తర్వాత మార్పిడి మొదలవుతుంది. నడిమి జత రెండున్నరకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు చిగురు చీల్చుకుని వస్తాయి. వచ్చిన పన్ను పైదాన్ని తాకి అరగడం మొదలవడానికి ఇంకో ఆరు నెలలు. అందుకే నడిమి జత ఆని ఉంటే మూడు, పక్క జత ఆని ఉంటే నాలుగు, చివరి జత ఆని ఉంటే ఐదు. మగ గుర్రాలకు నాలుగు, ఐదేళ్ల మధ్య కళ్లెం కడ్డీ ఆనే ఆ ఖాళీలో కోరలు కూడా వస్తాయి. ఆడ గుర్రాలకు సాధారణంగా రావు, కొన్నింటికి చిన్నవి మొలుస్తాయి. కోరలు లేవని ఆడ గుర్రాన్ని చిన్నదనుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

ఇంకా పెద్ద పొరపాటు రెండేళ్ల పిల్లను ఐదేళ్ల గుర్రం అనుకోవడం. రెండింటికీ ఆరు పళ్లు వరసగా, నిండుగా ఉంటాయి. తేడా పన్ను ఒడ్డు పొడుగుల్లో, రంగులో ఉంటుంది. పాలపన్ను చిన్నది, తెల్లగా, నున్నగా, గవ్వలా ఉంటుంది. చిగురు దగ్గర మెడలా సన్నబడుతుంది. శాశ్వత పన్ను వెడల్పుగా, నలుచదరంగా, లేత పసుపు రంగులో ఉంటుంది, ముందు ముఖం మీద నిలువు గాళ్లు ఉంటాయి, మెడ సన్నబడదు. పక్కపక్కన ఒక పాలపన్ను, ఒక శాశ్వత పన్ను ఉన్న మూడేళ్ల గుర్రం నోరు ఒక్కసారి చూస్తే ఈ తేడా జీవితంలో మర్చిపోరు. వీలైతే అలాంటిదాన్ని వెతుక్కుని చూడండి. చిన్నదాన్ని పెద్దదని అమ్మడానికి పాలపళ్లు ముందే పీకేసే పని కూడా కొందరు చేస్తారు. అలా చేస్తే చిగురు మీద గాయం ఉంటుంది, కొత్త పన్ను అంచు లోపలే ఉండిపోతుంది.

ఐదు దాటాక గుంటలు చదవాలి. పాత పుస్తకాల లెక్క అందరికీ నోటికి వచ్చేదే. కింద నడిమి జతలో గుంట ఆరేళ్లకు, పక్క జతలో ఏడుకు, చివరి జతలో ఎనిమిదికి పోతుంది. పై పళ్లలో గుంటలు ఎక్కువ లోతు కాబట్టి అవి నడిమి జతలో తొమ్మిదికి, పక్క జతలో పదికి, చివరి జతలో పదకొండుకు పోతాయి. కింది లెక్కను కొంతవరకు నమ్మొచ్చు. పై లెక్కను అంత నమ్మలేం. పై గుంటల లోతు ఒక్కో గుర్రానికి ఒక్కోలా ఉంటుంది, రెండు మూడేళ్ల తేడా రావడం మామూలే.

గుంట పోవడం అంటే ఏమిటో కూడా స్పష్టంగా ఉండాలి. గుంట అడుగు అరిగినా, దాని చుట్టూ ఉన్న పింగాణీ వలయం వెంటనే పోదు. ఒక చిన్న తెల్లని కన్నులా ఇంకా కొన్నేళ్లు మిగిలే ఉంటుంది, కింది పళ్లలో పదమూడు, పదిహేను దాకా కూడా. "గుంట ఉంది" అని మీరనుకున్నది ఈ వలయమే కావచ్చు. అగ్గిపుల్ల కొనతో గానీ గోటితో గానీ తడిమి చూడండి. పుల్ల దిగితే గుంట. దిగకుండా, చుట్టూ కొద్దిగా గట్టు తగిలితే వలయం మాత్రమే మిగిలింది. ఏ గట్టూ లేకుండా నున్నగా ఉండి రంగు మాత్రం ముదురుగా ఉంటే అది చుక్క. ఈ మూడింటినీ వేరు చేయగలిగితే పని సగం అయినట్టే. చుక్క ఎప్పుడూ పెదవి వైపే మొదలవుతుంది, వలయం దానికి వెనక, నాలుక వైపు ఉంటుంది.

చుక్క కింద నడిమి జతలో ఆరు, ఎనిమిదేళ్ల మధ్య అడ్డగీతలా వస్తుంది. తర్వాత పక్క జతలో, తొమ్మిది, పది దాటే సరికి చివరి జతలో కనిపిస్తుంది. వయసు పెరిగే కొద్దీ గీత పొట్టిదై, గుండ్రమై, పన్ను మధ్యకు జరుగుతుంది. ఇక్కడ జాతి తేడా ఉంది. బెల్జియంలో ఈ పళ్ల మీద చేసిన పరిశీలనల్లో అరబ్ గుర్రాలకు చుక్క, అరుగుదల గుర్తులు బరువు లాగే బెల్జియన్ గుర్రాల కంటే ఆలస్యంగా వస్తాయని తేలింది. పుస్తకంలో రాసిన ఏడాదిని ఏ జాతి గుర్రానికైనా అలాగే అంటించకూడదు అనడానికి ఇదొక్కటి చాలు.

గాడి సంగతి. పై చివరి పన్ను బయటి ముఖం మీద చిగురు దగ్గర మొదలయ్యే నిలువు గాడి ఇది. సిడ్నీ గాల్వేన్ అనే గుర్రాల శిక్షకుడు 19వ శతాబ్దం చివర్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, అందుకే ఇప్పటికీ గాల్వేన్ గాడి అంటారు. లెక్క ఇలా ఉంటుంది. పదేళ్లకు చిగురు దగ్గర తల ఎత్తుతుంది, పదిహేనుకు పన్ను సగం దాకా, ఇరవైకి అడుగు దాకా దిగుతుంది. తర్వాత పైనుంచి చెరిగిపోతూ ఇరవై అయిదుకు కింది సగమే మిగులుతుంది, ముప్పయికి పోతుంది. వినడానికి గడియారంలా ఉంటుంది, నిజంలో అలా నడవదు. కొన్నింటికి గాడే రాదు, కొన్నింటికి ఒక పక్క వచ్చి మరో పక్క రాదు, కొన్నింటికి ఎనిమిదికే మొదలవుతుంది. అయినా దీనికి ఒక విలువ ఉంది, అది కిందికి వచ్చాక చెప్తాను.

కొక్కెం మీద మాత్రం పైసా పందెం కట్టొద్దు. పై చివరి పన్ను కింది దానికంటే కాస్త వెనక్కి ఉండటం వల్ల వెనక మూల అరగక కొక్కెంలా వేలాడుతుంది. ఏడేళ్లకు ఒకసారి, పదకొండుకు మరోసారి వస్తుందని చెప్పుకుంటారు. అసలు ఏ వయసులోనైనా రావచ్చు, రాకపోవచ్చు. పళ్లు రాపించిన గుర్రానికి ఆకురాయి తగిలితే అదే రోజు పోతుంది కూడా. మీ అమ్మే ఆయన "ఏడు నిండలేదు" అనడానికి ఆధారం ఈ కొక్కెమే అయి ఉండొచ్చు. ఆయన మోసగాడని అనడం లేదు, చాలామంది నిజంగానే అలా నమ్ముతారు.

పన్ను ఆకారం, కోణం నెమ్మదిగా మారతాయి. అందుకే వాటిలో మోసం చేయడం కష్టం. చిన్న వయసులో కింది నడిమి పళ్ల అరుగుడు ముఖం అడ్డంగా వెడల్పు ఉంటుంది. తొమ్మిది, పది దాటే సరికి గుండ్రం అవుతుంది. పదిహేను ప్రాంతంలో మూడు మూలలు తేలతాయి, ఒక మూల నాలుక వైపు. ఇరవై దాటాక ముందు నుంచి వెనక్కి ఉన్న కొలత అడ్డం కొలతను మించిపోతుంది. కోణం సంగతికొస్తే, ఐదేళ్ల గుర్రం నోరు మూసి పక్క నుంచి చూస్తే పై పళ్లు, కింది పళ్లు దాదాపు ఒకే నిలువు గీతలో కలుస్తాయి. వయసుతో ఆ గీత ముందుకు పొడుచుకొస్తూ, ఇరవై దాటాక ముక్కులా కోసుగా అవుతుంది. కోణం బట్టి ఏడాది చెప్పలేం. కానీ ఆరు చెప్పినవాడిది పదహారని పట్టించడానికి ఇది చాలు.

అరిగిన పన్నులో గుంట తవ్వి, కాల్చి గానీ మందు పూసి గానీ నల్లబరచి చిన్న గుర్రంగా చూపించే మోసం వందల ఏళ్ల నాటిది. ఇంగ్లండ్‌లో దీనికి బిషపింగ్ అనే పేరే ఉంది. పట్టుకోవడం తేలిక. తవ్విన గుంట చుట్టూ పింగాణీ వలయం ఉండదు, మనిషి దాన్ని పెట్టలేడు. పెదవి వైపు చుక్క అలాగే ఉండిపోతుంది. ముఖం గుండ్రంగానో మూడు మూలలుగానో ఉండి గుంట మాత్రం కొత్తగా ఉంటే అది తవ్వినదే. అందుకే మీరు చూసిన పై చివరి పన్ను గుంట చుట్టూ గట్టు ఉందో లేదో ఒకసారి తడిమి చూడండి.

మోసం లేకుండానే లెక్క తప్పించేవి చాలా ఉన్నాయి. తొట్టి అంచో, గుంజో కొరికి గాలి మింగే అలవాటున్న గుర్రానికి పై పళ్ల ముందు అంచు ఏటవాలుగా చెక్కినట్టు అరుగుతుంది, నడిమి జత గుంటలు ముందే పోతాయి. కట్టేసే చోట కొయ్యను చూడండి, అక్కడ పళ్ల గాట్లు ఉంటాయి. ఇసుక నేల మీద, నేల మీదే మేత వేస్తే పళ్లు తొందరగా అరుగుతాయి. పెళ్లి ఊరేగింపులకు పెంచే గుర్రాల్లాగా ఎక్కువగా శనగలు, తవుడు మీద పెరిగి గడ్డి తక్కువ నమిలిన దానికి ముందు పళ్లు నెమ్మదిగా అరిగి పొడుగ్గా కనిపిస్తాయి. పై దవడ కింది దవడను దాటి ముందుకు వచ్చిన చిలుక నోరు ఉన్న గుర్రానికైతే పళ్లు ఒకదానితో ఒకటి ఆనవు, ఇక అరుగుదల చదవడం కుదరదు. గాడిదలకు, కంచరగాడిదలకు గుంటలు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తాయి, వాటికి గుర్రం లెక్క పెట్టొద్దు. కళ్ల పైన గుంటలు, వాలిన నడుము, నెరిసిన ముఖం చూసి వయసు చెప్పేవాళ్ల మాట వినొద్దు. బక్కచిక్కిన ఆరేళ్ల గుర్రానికి కూడా కళ్ల పైన గుంటలు పడతాయి. బూడిద రంగు గుర్రం ఏటేటా తెల్లబడటం దాని పుట్టుక గుణం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, దీన్ని చాలామంది అనుభవజ్ఞులు కూడా వదిలేస్తారు. గుంట, చుక్క, ఆకారం, ఈ మూడూ అరుగుదల నుంచే వస్తాయి. గుర్రం కొయ్య కొరికినా, ఇసుక మేసినా మూడూ కలిసే ముందుకు జరుగుతాయి. కాబట్టి ఆ మూడూ ఒకే మాట చెప్పినా అది ఒక సాక్షి చెప్పినట్టే లెక్క, ముగ్గురు చెప్పినట్టు కాదు. గాడి అలా కాదు. అది అరుగుడు ముఖం మీద లేదు, దవడలోంచి పన్ను ఎంత బయటికి దిగిందన్నదాన్ని చెప్తుంది. దానికదే నమ్మకస్తుడు కాకపోయినా, వేరే చోట నిలబడి చూసిన సాక్షి. అందుకే అరుగుదల ఒక అంకె చెప్పి, గాడి కూడా దాని దగ్గరే ఉంటే నా నమ్మకం పెరుగుతుంది. రెండూ ఐదారేళ్ల తేడా చెప్తే ఎక్కడో అసాధారణ అరుగుదల ఉందని వెతుకుతాను.

మీ గుర్రం దగ్గరికి వద్దాం. కింద ఆరు గుంటలూ పోయాయి, ఎనిమిది దాటింది. పై నడిమి జతలో పోయి, పక్క జతలో మరక మిగిలింది, తొమ్మిది, పది. పై చివరి జతలో గుంట ఉంది కాబట్టి పన్నెండు దాటే అవకాశం తక్కువ. గాడి రెండు మూడు మిల్లీమీటర్లు, పది దాటి కొంచెం. అరుగుదల, గాడి దగ్గర దగ్గరగా కలిశాయి. కొక్కెం ఉన్నా లేకపోయినా నా అంచనా మారదు. ఆరేళ్ల గుర్రమే అయితే కింద చివరి జతలో లోతైన గుంట ఉండాలి. ఒకవేళ కొయ్య కొరికి అరగదీసుకుందనుకున్నా, అరుగుదల పై నడిమి జత ముందు అంచున ఎక్కువ కనిపించాలి. కింది చివరి జత గుంటలు రెండు పక్కలా పోవడానికి, చిగురు దగ్గర గాడి రావడానికి అది కారణం కాదు.

బేరానికి ముందు ఇంకా మూడు చూడండి. కింది నడిమి పళ్ల ముఖం గుండ్రంగా ఉందా, మూడు మూలలు తేలిందా. తేలితే నా అంచనాను పైకి జరపాలి. కింది పళ్లలో చిన్న తెల్లని వలయాలు ఇంకా ఉన్నాయా. ఉంటే పదిహేను లోపే అనుకోవచ్చు. కింది చివరి జతలో చుక్క వచ్చిందా. వస్తే పది దగ్గర అన్నదానికి బలం.

పదేళ్ల గుర్రం ముసలిది కాదు. బాగా చూసుకుంటే ఇరవై అయిదు దాటి బతుకుతుంది. కొత్తగా స్వారీ నేర్చుకునేవాళ్లకు నాలుగేళ్ల దానికంటే పదేళ్ల నెమ్మదైన ఆడ గుర్రం ఎంతో మేలు. గుర్రప్పిల్లలను పుట్టించడం కోసమే కొంటుంటే మాత్రం ఆలోచించండి, పదిహేను దాటే సరికి ఆడ గుర్రాల్లో చూలు నిలిచే అవకాశం తగ్గుతూ వస్తుంది. అంటే మీ చేతిలో నాలుగైదేళ్లే ఉంటాయి. గుర్రం బాగుంటే పదేళ్ల ధరకు కొనండి, ఆరేళ్ల ధరకు వద్దు.

కాగితం ఉంటే పళ్లకంటే కాగితమే ముఖ్యం. హైదరాబాద్ మలక్‌పేట గుర్రపు పందేల్లో పరిగెత్తి వచ్చిన గుర్రమైతే పుణెలోని స్టడ్ బుక్‌లో, అంటే పందెపు గుర్రాల పుట్టుకలు రాసే రిజిస్టర్‌లో, పుట్టిన తేదీ ఉంటుంది. పందెపు గుర్రాల వయసును అక్కడ జనవరి 1 నుంచి లెక్కిస్తారు, కాబట్టి ఏప్రిల్‌లో పుట్టిన గుర్రానికి కాగితం మీద వయసు కొన్ని నెలలు ఎక్కువ కనిపిస్తుంది. మార్వాడీ గుర్రాలకూ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్ పద్ధతి ఉంది. పాస్‌పోర్ట్ చూపిస్తే అందులో రాసిన మచ్చలు, సుడులు ఎదుట ఉన్న గుర్రంతో సరిపోతున్నాయో చూడండి, మైక్రోచిప్ ఉందంటే పశువైద్యుడి స్కానర్‌తో చదివించండి. వేరే గుర్రం కాగితం చేతిలో పెట్టడం పన్ను తవ్వడం కంటే తేలిక.

వయసు తేలినా తేలకపోయినా, మన ఊరికి తెచ్చే ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష రిపోర్టు అడగండి. అది మనుషులకూ సోకే జబ్బు, పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపేయాల్సి వస్తుంది. నమూనా తీసి హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించే దారి మీ జిల్లా పశువైద్యాధికారికి తెలుస్తుంది. రిపోర్టు చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకండి. ఈ లోపు కింది అరుగుడు ముఖం ఫోటో ఒకటి, ఎడమ పక్క మూసిన నోరు ఫోటో ఒకటి, పళ్లు తుడిచి, పగటి వెలుగులో తీసి పెట్టండి. ఆ రెండూ ఉంటే 9 నుంచి 12 అన్నదాన్ని ఇంకొంచెం దగ్గరికి తేవచ్చు.